టీబీలు కాదు.. క్యూసెక్కులు లెక్కేయండి!

మానిటరింగ్ సర్వర్‌కు ఎలాంటి డిస్క్ కావాలి? ఎంత ర్యామ్ పెట్టాలి? సిస్టమ్స్, క్లౌడ్ ఉద్యోగాలకు వెళ్లే ఫ్రెషర్లు తడబడే ప్రశ్న ఇది. జవాబు కాలిక్యులేటర్‌తో మొదలవుతుంది.

వానాకాలంలో మా వర్నిలో పొద్దున్నే టీ కొట్టు దగ్గర పేపర్ విప్పితే ముందు చూసేది నిజాంసాగర్ నీటిమట్టమే. పూర్తిస్థాయి 1,405 అడుగులు, 17.80 టీఎంసీలు. ఆయకట్టులో పుట్టినవాళ్లకు ఈ అంకెలు ఎక్కాల్లా నోటికొస్తాయి. కానీ నాటు వేసిన రైతు అక్కడితో ఆగడు. ‘కాలువకు ఎన్ని క్యూసెక్కులు ఇడిసిన్రు?’ అని అడుగుతాడు. ప్రాజెక్టు నిండుకుండలా ఉన్నా కాలువ సరిగ్గా పారకపోతే చివరి మడి ఎండాల్సిందే.

టీఎంసీ అంటే నిల్వ. క్యూసెక్కు అంటే ప్రవాహం. రెంటినీ కలిపేది ఒకే ఒక్క అంకె: రోజుకు 86,400 సెకన్లు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. ఈ లెక్క స్కూల్లో ఉన్నప్పుడే తెలిసిన నేను, ఇంజినీరింగ్ చేసి హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో చేరాక మాత్రం మర్చిపోయాను. ఆ మరుపు వల్ల మా ఆఫీసు అవసరం లేని నాలుగు హార్డ్‌డిస్కులు కొంది. ఆ కథ చెబుతాను. మీరు నాలా చేయకుండా ఉంటారని కాదు, కనీసం ఇంటర్వ్యూలో దొరికిపోకుండా ఉంటారని.

40 నిమిషాల ఆలస్యం

నా పని నైట్ షిఫ్ట్ సపోర్ట్. సర్వర్లు, స్విచ్‌లు కలిపి 300 పరికరాలు. వాటిని కనిపెట్టుకుని ఉండటానికి జాబిక్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లం. లాత్వియాకు చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ తయారుచేసిన ఈ ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ 2001 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. సీపీయూ ఎంత వాడుతోంది, మెమరీ ఎంత మిగిలింది, నెట్‌వర్క్ పోర్ట్‌లో ఎంత డేటా పోతోంది.. ఇలా ఒక్కో పరికరం నుంచి దాదాపు 100 కొలతలు తీసుకుని డేటాబేస్‌లో రాస్తుంది. ఏదైనా హద్దు దాటితే మెయిల్ కొడుతుంది.

ఒక రాత్రి ఒక క్లయింట్ సర్వర్ ఒంటి గంట దాటాక ఆగిపోయింది. అలర్ట్ వచ్చింది 40 నిమిషాల తర్వాత. అంతకంటే ముందే క్లయింట్ ఫోన్ వచ్చింది. ‘మా సర్వర్ పడిపోయిందని మేం మీకు చెప్పాలా?’ అన్నాడాయన. నా దగ్గర సమాధానం లేదు.

పొద్దున్నే మానిటరింగ్ సర్వర్ తెరిచి చూశాను. 2 టీబీ డిస్కులు నాలుగు, రెయిడ్ 5లో. వాడుకోవడానికి 6 టీబీ. పాత లాగ్‌లు, బ్యాకప్‌లు కలిపి 70 శాతం నిండి ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. డిస్క్ నిండిపోవడం వల్లే నెమ్మదించిందని ఒక పేజీ నోట్ రాసి, 4 టీబీ డిస్కులు నాలుగు అడిగాను. కొన్నారు కూడా. ఆదివారమంతా కూర్చుని డేటా మార్చాను. మరుసటి వారం అలర్ట్‌లు మళ్లీ ఆలస్యం.

అప్పుడు ఒక సీనియర్ వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. ‘తమ్మీ, ఏ ఊరు నీది?’

‘వర్ని అన్నా.’

‘నిజాంసాగర్ కిందనే కదరా! మరి గట్లెట్ల జేసినవ్? టీఎంసీలు పెంచినవ్, తూము గంతనే ఉంచినవ్.’

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ తర్వాత ఇద్దరం కాగితం మీద చేసిన లెక్కలే ఈ వ్యాసం.

మొదట నిల్వ: సులువైన లెక్క

300 పరికరాలు, ఒక్కోదానికి 100 కొలతలు. మొత్తం 30,000. ఒక్కోటి నిమిషానికోసారి తీసుకుంటే సెకనుకు 500 విలువలు వస్తాయి. రోజుకు 86,400తో గుణిస్తే 4 కోట్ల 32 లక్షలు. జాబిక్స్ సొంత డాక్యుమెంటేషన్ ఒక్కో విలువకు సుమారు 90 బైట్లు వేసుకోమంటుంది. అంటే రోజుకు 3.9 జీబీ, 30 రోజులు దాచుకుంటే 117 జీబీ. ఇది కాక ప్రతి కొలతకూ గంటకోసారి సగటు, కనిష్ఠం, గరిష్ఠం కలిపి ఒక వరుస దాస్తుంది. దాన్ని ట్రెండ్స్ అంటారు. అవి ఏడాదికి 24 జీబీ కూడా కావు.

అంతా కలిపి 150 జీబీ లోపే. మా దగ్గరున్నది 6 టీబీ. నేను అడిగి కొనిపించిన తర్వాత 12 టీబీ. ఈ ఐదు నిమిషాల లెక్క నోట్ రాయడానికి ముందు చేసి ఉంటే ఆ నోటే ఉండేది కాదు.

అసలు సమస్య: తూము

డేటాబేస్ డిస్క్ మీద బైట్ల చొప్పున రాయదు, పేజీల చొప్పున రాస్తుంది. మేం వాడిన మైఎస్‌క్యూఎల్‌లో ఒక పేజీ 16 కేబీ. ఊళ్లో సహకార సంఘం పాత లెడ్జర్‌ను ఊహించుకోండి. ఒక్కో సభ్యుడికి ఒక్కో పేజీ. రోజూ 30,000 మంది వచ్చి తలా ఒక రూపాయి కడితే మొత్తం 30 వేల రూపాయలే. కానీ గుమాస్తా 30,000 పేజీలు తిప్పాలి. డబ్బు తక్కువ, చాకిరీ ఎక్కువ. మానిటరింగ్ డేటాబేస్ సరిగ్గా ఇలాంటిదే. ప్రతి కొలత విలువలూ దాని సొంత పేజీలో వరుసగా ఉంటాయి. అలా ఉంటేనే ‘ఈ సర్వర్ సీపీయూ నిన్న ఎలా ఉంది?’ అనగానే గ్రాఫ్ టక్కున వస్తుంది. కానీ రాసేటప్పుడు మాత్రం ప్రతి నిమిషం 30,000 వేర్వేరు పేజీలను తాకాలి.

ఇప్పుడు హార్డ్‌డిస్క్ సంగతి. నిమిషానికి 7,200 చుట్లు అంటే సెకనుకు 120. ఒక చుట్టుకు 8.3 మిల్లీ సెకన్లు. కావాల్సిన చోటు హెడ్ కిందకు రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీ సెకన్ల పైనే పడుతుంది. హెడ్ ఆ వరుసకు జరగడానికి ఇంకో 8 వేసుకోండి. మొత్తం 12 మిల్లీ సెకన్లు. అంటే ఒక డిస్క్ సెకనుకు సుమారు 80 చోట్ల మాత్రమే రాయగలదు. దీన్నే ఐఓపీఎస్ అంటారు. డిస్క్ ప్రపంచంలో క్యూసెక్కు ఇదేననుకోండి.

నాలుగు డిస్కులు కదా, 320 వస్తాయిగా అంటారా? రెయిడ్ 5లో రావు. ఒక చిన్న ముక్క మార్చాలంటే పాత డేటా చదవాలి, పాత పారిటీ చదవాలి, కొత్త డేటా రాయాలి, కొత్త పారిటీ రాయాలి. ఒక రాతకు నాలుగు పనులు. 320ని 4తో భాగిస్తే మళ్లీ 80. అంటే నాలుగు డిస్కులు కలిసి రాతలో ఒక్క డిస్క్ పనే చేస్తున్నాయి. అవే నాలుగింటిని రెయిడ్ 10లో పెడితే సామర్థ్యం 4 టీబీకి తగ్గుతుంది గానీ, ప్రతి రాతకు రెండే పనులు కాబట్టి వేగం 160 అవుతుంది.

30,000 పేజీలను 80తో భాగించండి. 375 సెకన్లు. ఒక నిమిషం డేటా రాయడానికి ఆరు నిమిషాల పైనే! మరీ అధ్వాన పరిస్థితి లెక్క ఇది. నిజంలో కొంత నయంగానే ఉంటుంది, ఎందుకంటే మధ్యలో మెమరీ ఆదుకుంటుంది. కానీ పోటెత్తిన రోజు 40 నిమిషాలు ఎలా పేరుకుపోయాయో ఇక్కడే అర్థమైపోతుంది. 4 టీబీ డిస్క్ కూడా అదే 7,200 చుట్లు తిరుగుతుంది. తూము మారలేదు.

రూపాయి ఖర్చు లేని రిపేరు

ఇక్కడే నాకు రెండో దెబ్బ. మెమరీ ఆదుకుంటుందన్నాను కదా, మా సర్వర్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. కానీ మైఎస్‌క్యూఎల్ పేజీలను ర్యామ్‌లో పెట్టుకునే బఫర్ పూల్‌కు మేమేమీ చెప్పకపోతే అది తీసుకునేది 128 ఎంబీయే. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసినవాళ్లు అలాగే వదిలేశారు. నిమిషానికి తాకే పేజీలు 30,000, ఒక్కోటి 16 కేబీ. అంటే 480 ఎంబీ. అవి 128 ఎంబీలో పట్టవు. అందుకే రాయాల్సిన ప్రతిసారీ పేజీని ముందు డిస్క్ నుంచి తెచ్చుకోవడం, ఇంకో పేజీని బయటికి తోసేయడం.

బఫర్ పూల్‌ను 4 జీబీ చేశాం. దాంతోపాటు రీడూ లాగ్ సైజు పెంచాం. రీడూ లాగ్ అంటే చిత్తు పుస్తకం. మార్పులన్నీ ముందు అందులో వరుసగా రాసుకుని, పేజీలను తీరిగ్గా సర్దుతుంది డేటాబేస్. చిత్తు పుస్తకం పెద్దదైతే ఒక పేజీని నిమిషానికోసారి కాకుండా పది నిమిషాలకోసారి, పది విలువలతో కలిపి రాయొచ్చు. అప్పుడు 30,000 పేజీలు 600 సెకన్లలో, అంటే సెకనుకు 50. మన తూము 80. పారింది! ఆ సాయంత్రం అలర్ట్‌లు నిమిషంలోపే రావడం మొదలుపెట్టాయి. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో రెండు లైన్లు. ముందే చేసి ఉంటే డిస్కులు కొనక్కర్లేదు.

అయినా రాత్రి 2 గంటలకు మళ్లీ మూలిగేది. పాత డేటాను తీసేసే హౌస్‌కీపర్ అప్పుడు కోట్ల వరుసలను ఒక్కొక్కటిగా చెరిపేది. చెరపడం కూడా రాతే. పైగా చెరిపినంత మాత్రాన ఫైల్ చిన్నదైపోదు. దీనికి విరుగుడు పార్టిషన్లు. టేబుల్‌ను రోజుకో ముక్కగా విడగొడితే, 31వ రోజు ఒక ముక్కను మొత్తంగా తీసి పారేయొచ్చు, క్షణాల్లో. పోస్ట్‌గ్రెస్‌తో వాడేవాళ్లకు టైమ్‌స్కేల్‌డీబీ ఈ పనిని తనే చూసుకుంటుంది, పాత డేటాను కుదించి కూడా పెడుతుంది.

అసలు డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో నిమిషానికోసారి ఎందుకు కొలవాలి చెప్పండి? 30,000 కొలతల్లో సగాన్ని ఐదు నిమిషాలకోసారికి మారిస్తే సెకనుకు 500 విలువలు కాస్తా 300కు పడిపోతాయి. హార్డ్‌వేర్ కొనేముందు చేయాల్సిన మొదటి పని ఇదేనని నా అభిప్రాయం. కానీ డాష్‌బోర్డ్ మీద గ్రాఫ్ కదలకపోతే బాస్‌లకు నచ్చదు, అది వేరే విషయం.

సరే, కొనాల్సిందే అనుకుందాం

కొత్తగా కొంటున్నారంటే మానిటరింగ్ డేటాబేస్‌కు హార్డ్‌డిస్క్ ఆలోచనే వద్దు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకు వేలల్లో, పదివేలల్లో రాతలు చేస్తుంది. ఎన్‌వీఎంఈ అయితే ఇంకా ఎక్కువ. మనలాంటి సెకనుకు 500 విలువల పనికి రెండు మంచి సాటా ఎస్‌ఎస్‌డీలు రెయిడ్ 1లో పెడితే ధారాళంగా సరిపోతుంది. ‘మంచి’ అన్న మాట దగ్గరే అసలు సంగతి ఉంది.

ఒకటి, కరెంటు. డేటాబేస్ ప్రతి లావాదేవీ తర్వాత డిస్క్‌ను ‘నిజంగా రాశావా?’ అని అడుగుతుంది. దాని పేరు ఎఫ్‌సింక్. ల్యాప్‌టాప్‌లలో వాడే చవక ఎస్‌ఎస్‌డీ అలా అడిగిన ప్రతిసారీ చేతిలోని పని ఆపి, తన క్యాష్‌లో ఉన్నదంతా ఫ్లాష్‌లోకి రాసి అప్పుడు జవాబిస్తుంది. అందుకే డబ్బా మీద 90,000 ఐఓపీఎస్ అని ఉన్నా, ఎఫ్‌సింక్‌తో పరీక్షిస్తే అందులో చిన్న భాగం కూడా రాదు. సర్వర్ ఎస్‌ఎస్‌డీలో చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయినా క్యాష్‌లో ఉన్నది రాసుకునేంత శక్తి వాటిలో ఉంటుంది. కాబట్టి అది వెంటనే ‘రాశాను’ అనగలదు. స్పెసిఫికేషన్ షీట్‌లో పవర్ లాస్ ప్రొటెక్షన్ అని వెతకండి. ఇన్వర్టర్ ఉంది కదా అనకండి. ఇన్వర్టర్ కూడా ఏదో ఒక రోజు చేతులెత్తేస్తుంది.

రెండు, ఆయుష్షు. ఎస్‌ఎస్‌డీ ఎంత డేటా రాయించుకోగలదో టీబీడబ్ల్యూ అనే అంకె చెబుతుంది. 1 టీబీ మామూలు ఎస్‌ఎస్‌డీకి 600 టీబీడబ్ల్యూ సర్వసాధారణం. ‘రోజుకు 3.9 జీబీయే కదా, వందల ఏళ్లు వస్తుంది’ అని లెక్క కట్టారో, నాలాగే బోల్తా పడ్డట్టు. పేజీలన్నీ నిమిషానికోసారి డిస్క్‌కు వెళ్తే 480 ఎంబీ. సగంలో కరెంటు పోయి పేజీ పాడవకుండా మైఎస్‌క్యూఎల్ ప్రతి పేజీనీ రెండుసార్లు రాస్తుంది. దాంతో 960 ఎంబీ. రోజుకు 1,440 నిమిషాలు. మొత్తం 1.38 టీబీ! 600ను దాంతో భాగిస్తే 434 రోజులు, ఏడాదీ రెండు నెలలు. రీడూ లాగ్ పెంచి పది నిమిషాలకోసారి రాయిస్తే అదే డిస్క్‌కు పదింతల ఆయుష్షు. సర్వర్ డిస్కుల మీద డీడబ్ల్యూపీడీ అని ఉంటుంది. 960 జీబీ డిస్క్‌కు అది 1 అంటే, ఐదేళ్లపాటు రోజూ డిస్క్ నిండా ఒకసారి రాయొచ్చని అర్థం. మొత్తం 1,752 టీబీ.

ర్యామ్ విషయంలో పిసినారితనం వద్దు. తరచూ తాకే పేజీలన్నీ అందులో పట్టాలి. తప్పులను తానే దిద్దుకునే ఈసీసీ ర్యామ్ అయితే మేలు. డేటాబేస్‌కే అంకితమైన సర్వర్ అయితే 80 శాతం వరకు బఫర్ పూల్‌కు ఇవ్వొచ్చని మైఎస్‌క్యూఎల్ చెబుతుంది. పోస్ట్‌గ్రెస్ వాళ్లు షేర్డ్ బఫర్స్‌కు 25 శాతంతో మొదలుపెట్టమంటారు. ప్రాసెసర్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఈ స్థాయి పనికి నాలుగు కోర్లు చాలు.

క్లౌడ్‌లో ఈ గొడవ ఉండదు అనుకుంటారు చాలామంది. 2022 నవంబర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్ మొదలయ్యాక మనవాళ్ల రెజ్యూమెలలో ఆ పేరు బాగా కనిపిస్తోంది. కానీ అక్కడా తూము లెక్కే. వాళ్ల జీపీ2 రకం డిస్క్ జీబీకి 3 ఐఓపీఎస్ ఇస్తుంది. 100 జీబీ తీసుకుంటే 300. మొదట్లో దాచిపెట్టిన క్రెడిట్లతో 30 నిమిషాలు 3,000 వరకు పరుగెత్తుతుంది, ఆ తర్వాత చతికిలపడుతుంది. పది నిమిషాలు టెస్ట్ చేసి ‘సూపర్’ అన్నవాళ్లు రాత్రికి దొరికిపోతారు. జీపీ3 అయితే సైజుతో సంబంధం లేకుండా 3,000 ఇస్తుంది.

అసలు డేటాబేస్‌నే మార్చేస్తే? సౌండ్‌క్లౌడ్‌లో 2012లో మొదలైన ప్రొమిథియస్ అదే చేసింది. ఇటీవలి డేటాను మెమరీలో ఉంచుకుని, రెండు గంటలకో ముక్కగా కుదించి వరుసగా రాస్తుంది. ఒక్కో విలువకు 1 నుంచి 2 బైట్లే. మన 30 రోజుల 117 జీబీ అక్కడ 2.6 జీబీ. డిస్క్ బాధ తగ్గుతుంది, ర్యామ్ అవసరం పెరుగుతుంది. అయితే దాని డేటాను ఎన్‌ఎఫ్‌ఎస్ లాంటి నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టకూడదు, లోకల్ డిస్కే కావాలి.

ఇంకో మాట. కాపలాదారును దొంగతనం జరిగే గదిలోనే పెట్టి తాళం వేయకండి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 స్టోరేజ్ ఆగిపోయినప్పుడు, ఏ సర్వీస్ ఆగిందో చెప్పాల్సిన వాళ్ల స్టేటస్ పేజీని కూడా కొంతసేపు మార్చలేకపోయారు. ఆ పేజీని నడిపే కన్సోల్ కూడా ఎస్3 మీదే ఆధారపడింది మరి. మీ మానిటరింగ్ డేటాబేస్ డిస్క్, అది కనిపెట్టే సర్వర్ల స్టోరేజ్ ఒకటే కాకుండా చూసుకోండి.

సెలవుల్లో ఇంట్లోనే..

పాత ల్యాప్‌టాప్ ఉందా? హార్డ్‌డిస్క్ ఉన్నదైతే ఇంకా మంచిది. డెబియన్ వేసి, జాబిక్స్ ఎక్కించండి. ఫియో అనే ఉచిత టూల్‌తో 16 కేబీ ముక్కలను అక్కడక్కడా రాయించి, ప్రతి రాతకూ ఎఫ్‌సింక్ పెట్టి సెకనుకు ఎన్ని వస్తున్నాయో రాసుకోండి. వంద కూడా దాటకపోతే కంగారు పడకండి, అది సరైన జవాబే. అదే పరీక్ష మిత్రుడి ఎస్‌ఎస్‌డీ మీద చేయండి. ఒక్క జాగ్రత్త: ఫియోను ఒక ఫైల్ మీద నడపండి, నేరుగా డిస్క్ పేరు ఇచ్చారంటే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మిత్రుడు మిత్రుడిగా మిగలడు. తర్వాత ఐఓస్టాట్ తెరిచి, జాబిక్స్ పనిచేస్తుండగా ఒక్కో రాత ఎన్ని మిల్లీ సెకన్లు ఆగుతోందో చూడండి. బఫర్ పూల్ పెంచి మళ్లీ చూడండి.

‘జాబిక్స్ తెలుసు’ అని రెజ్యూమెలో అందరూ రాస్తారు. ‘ఇన్ని కొలతలు, సెకనుకు ఇన్ని రాతలు, మార్పుకు ముందు ఇంత ఆలస్యం, తర్వాత ఇంత’ అని రాసేవాళ్లు అరుదు. నేనిప్పుడు ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు ‘300 పరికరాలకు మానిటరింగ్ సర్వర్ కావాలి, ఏం కొంటావు?’ అని అడుగుతాను. పది మందిలో తొమ్మిది మంది వెంటనే ఏదో ఒక టీబీ అంకె చెబుతారు. నాకు కావాల్సిన అభ్యర్థి నన్నే ఎదురు ప్రశ్నిస్తాడు: ‘ఎన్నింటిని కొలుస్తారు సార్? ఎన్ని సెకన్లకోసారి? ఎన్ని రోజులు దాచాలి?’ ఈ మూడూ అడిగితే మిగతా ఇంటర్వ్యూ కబుర్లలా సాగిపోతుంది.

ఇక ఆ నాలుగు 4 టీబీ డిస్కుల సంగతి. రెయిడ్ ఉంది కదా బ్యాకప్ ఎందుకు అనే ధీమా అప్పట్లో మా ఆఫీసులోనూ ఉండేది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తొలగించారు. వాళ్లు నమ్ముకున్న బ్యాకప్ పద్ధతులు చాలావరకు పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. ఆ ఉదంతం సీనియర్ చెప్పాక, ఎస్‌ఎస్‌డీలు వచ్చిన రోజే నా డిస్కులను ఇంకో గదిలోని మెషీన్‌లో బిగించి, రోజూ రాత్రి డేటాబేస్ కాపీ వాటిలోకి వెళ్లేలా పెట్టాను. వరుసగా రాసే పని కాబట్టి పాత తూమైనా హాయిగా పారుతుంది. నేను ఆ ఉద్యోగం మానేసే నాటికి అందులో ఇంకా 9 టీబీ ఖాళీ ఉంది.